పందొమ్మిదో పేరు

అప్పలసూరి చేసే ఉద్యోగం ఏమిటో అతని ఇంట్లోవాళ్ళకి కూడా సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే భార్య శ్రీదేవి, "కంపెనీలో కంప్యూటర్లు సూత్తారు" అని ఊరుకుంటుంది. టాటానగర్ స్టేషన్ వెనక బాగ్‌బేడాలో వాళ్ళుండే వీధిలో సగంమంది రైల్వేవాళ్ళు, సగంమంది కాంట్రాక్టు పనులకు పోయేవాళ్ళు. చేతికి గ్రీజు అంటకుండా కుర్చీలో కూర్చుని చేసే పని దొరకడం వాళ్ళ లెక్కలో అదృష్టం. అప్పలసూరి కూడా చాలాకాలం అలాగే అనుకున్నాడు.

అతని తండ్రి తవిటయ్య టెక్కలి పక్కనుంచి వచ్చి రైల్వేలో కలాసీగా చేరినవాడు. అప్పలసూరి కంప్యూటర్ డిప్లొమా చదివి, ఖర్కాయి వంతెన దాటి ఆదిత్యపూర్‌లో బండ్ల విడిభాగాలు తయారుచేసే ఒక కంపెనీలో కుదిరాడు. అయితే కంపెనీ మనిషి కాలేదు. ఒక ఏజెన్సీ తరపున వెళ్ళాడు. ఏటా మార్చి ముప్పై ఒకటికి అతని కాగితం చెల్లిపోతుంది, మళ్ళీ రాస్తారు. అలా పదిహేడుసార్లు రాశారు. పదిహేడేళ్ళూ మార్చి నెలలో అతనికి అన్నం సరిగ్గా దిగలేదు.

ఆ కంపెనీలో పద్నాలుగు వందల మంది ఉంటారు. వాళ్ళ పేర్లు, నంబర్లు, ఎవరు ఏ విభాగం అన్నవన్నీ సర్వర్ గదిలోని ఒక యంత్రంలో ఉంటాయి. దాన్ని డైరెక్టరీ అంటారు. మెయిళ్ళు మాత్రం బయట ఎక్కడో క్లౌడ్‌లో ఉంటాయి. ఈ రెంటికీ నడుమ సింక్ అనే ఒక సర్వీసు నడుస్తుంది. అరగంటకోసారి అది ఇక్కడి జాబితా చదువుకుని, అక్కడా అలాగే ఉండేట్టు చూస్తుంది. ఇక్కడ ఒక పేరు చేరిస్తే అక్కడ మెయిల్ తెరుచుకుంటుంది. ఇక్కడ తీసేస్తే అక్కడ మూతపడి, ముప్పై రోజులు చెత్తబుట్టలో ఉండి, ఆ తర్వాత అందులోని ఉత్తరాలన్నిటితో సహా పోతుంది. అలా పోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు. ఆ సింక్‌ని చూసుకునేది అప్పలసూరి ఒక్కడే.

అదే కంపెనీలో నాగేంద్రబాబు క్రేన్ల మరమ్మతు విభాగంలో షిఫ్ట్ ఇన్‌చార్జి. చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే రైల్వే స్కూలు. నాగేంద్రబాబు అతన్ని "బావా" అనేవాడు. చుట్టరికం ఏమీ లేదు, ఆ పిలుపు ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ఆ వరసన నాగేంద్రబాబు భార్య కల్యాణి అప్పలసూరికి చెల్లెలైంది. కంపెనీలో కంప్యూటర్లు తెలిసినవాడు కావాలంటున్నారని కబురు తెచ్చి, ఏజెన్సీ ఆఫీసుకి తన సైకిల్ మీద ఎక్కించుకుని తీసుకెళ్ళింది నాగేంద్రబాబే.

2021 సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం నాలుగో నంబరు క్రేన్ తాడు తెగి కొక్కెం మీద పడి నాగేంద్రబాబు చనిపోయాడు. క్రేన్ కొక్కెం పైకి లేస్తూ ఒక హద్దు దగ్గర తనంతట తాను ఆగాలి. దాన్ని ఆపే స్విచ్ ఒకటి ఉంటుంది. ఆ స్విచ్ ఆ రోజు పనిచేయలేదు. కొక్కెం పైదాకా పోయి గుద్దుకుంది, తాడు తెగింది. కంపెనీ విచారణ జరిపి నివేదిక రాసింది. కరెంటు కట్టేయకుండా, అనుమతి లేకుండా క్రేన్ కిందికి వెళ్ళాడనీ, ప్రమాదానికి అతని సొంత అజాగ్రత్తే కారణమనీ అందులో ఉంది.

కల్యాణి ఆ మాట ఒప్పుకోలేదు. స్విచ్ పాడైందని, క్రేన్ ఆపించమని నాగేంద్రబాబు తన విభాగాధిపతికి మూడుసార్లు మెయిల్ రాశాడు. మూడోది ఇంట్లో అన్నం తింటూ, ఎడమచేత్తో ఫోన్లో టైపు చేశాడు. "ఏటి రాత్తన్నావు, ముందు తిను" అని ఆమె కసిరింది కూడా. "ఈపాలి కూడా ఇనకపోతే నానే కరెంటు కట్టించీసి కూకుంటాను" అన్నాడట. నివేదికలోంచి అజాగ్రత్త అన్న ఆ ఒక్క మాట తీయించాలని ఆమె సాక్చిలో ఒక వకీలుని పట్టుకుని లేబర్ కోర్టుకి వెళ్ళింది. కూతురు తనుశ్రీ అప్పటికి ఎనిమిదో తరగతి. స్కూల్లో ఎవరో పిల్ల, మీ నాన్న తప్పువల్లే చచ్చిపోయాడట కదా అని అడిగిందని ఆ పిల్ల మూడు రోజులు బడికి వెళ్ళలేదు.

అప్పట్లో కంప్యూటర్ విభాగానికి స్మిత మేడమ్ పెద్ద. చనిపోయినవాళ్ళ పేర్లు మామూలుగా సింక్ అందుకోని ఒక అరలోకి మార్చేస్తారు, నెలలో మెయిల్ పోతుంది. ఆమె అప్పలసూరిని గదిలోకి పిలిచి తలుపు వేసి, "నాగేంద్రబాబు మెయిల్ కేసు తేలేదాకా పోకూడదు. ఏదో ఒకటి చెయ్యి" అంది. అతను సింక్‌లో ఒక ప్రత్యేక నియమం రాశాడు. పేరు ఆ అరలో ఉన్నా సరే, ఈ ఒక్క నంబరుని మాత్రం అక్కడ ఉంచు అని దాని అర్థం. ఆమె కాగితం మీద ఏమీ ఇవ్వలేదు. తర్వాతి ఏడాది పుణేలో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయింది. మూడు ఉత్తరాలూ వెళ్ళిన విభాగాధిపతి కూడా కంపెనీ మానేశాడు, అతని మెయిల్ మామూలు పద్ధతిలో ఎప్పుడో చెరిగిపోయింది. నాగేంద్రబాబు పోగానే అతని ఫోన్లో కంపెనీ మెయిల్ తెరుచుకోకుండా ఆపేశారు కాబట్టి, ఇక ఆ ఉత్తరాలు మిగిలింది ఒక్కచోటే.

2023 చివర్లో పాత సర్వర్ ఇక పనికిరాదన్నారు. దాని సాఫ్ట్‌వేర్‌కి కాలం చెల్లింది, సింక్ కొత్త సర్వర్‌కి మార్చాలి. కొత్తగా వచ్చిన పెద్ద సిన్హా సార్ ఆ పని అప్పలసూరికి అప్పగించాడు. పాత వెర్షన్ ఎంత పాతదంటే, దాని అమరికలు దానంతట అవి కొత్తదానిలోకి ఎక్కవు. ఒక్కొక్కటీ తెరమీద చూసి చేత్తో రాసుకుని మళ్ళీ కొత్తదానిలో రాయాలి. అప్పలసూరి వంద పేజీల నోటుబుక్కు కొన్నాడు. పదకొండు ప్రత్యేక నియమాలు ఉన్నాయి. పదకొండూ ఎక్కించుకున్నాడు. చివరిదాని పక్కన "నాగేంద్ర" అని రాసి కింద రెండు గీతలు గీశాడు.

కొత్త సర్వర్‌ని ముందు ఉత్తినే నడిపిస్తారు. నన్ను వదిలితే ఏమేం మారుస్తానో చెబుతుంది గానీ ఏదీ మార్చదు. ఆ జాబితా చూసుకుని, సరిగ్గా ఉందనిపించాక పాతదాన్ని ఆపి కొత్తదానికి పగ్గాలిస్తారు. ఫిబ్రవరి నాలుగో తారీకు, ఆదివారం, ఉదయం పది గంటలకు అప్పలసూరి సర్వర్ గదిలో కూర్చుని ఆ జాబితా చూశాడు. తొలగించబోయేవి పందొమ్మిది. రిటైరైనవాళ్ళవీ, మానేసినవాళ్ళవీ అని హెచ్‌ఆర్ పంపిన కాగితంలో కూడా పందొమ్మిదే ఉన్నాయి. ఫోన్లో సిన్హా సార్ అడిగాడు.

"సూరి, కౌంట్ మ్యాచ్ హో రహా హై?"

"హా సర్. పందొమ్మిదికి పందొమ్మిది."

"తో కర్ దో," అయితే చేసెయ్ అన్నాడు.

జాబితాలో పేర్లుండవు, ఉద్యోగుల నంబర్లే ఉంటాయి. అప్పలసూరి ఆ పందొమ్మిది నంబర్లనీ కాగితంతో ఒక్కొక్కటిగా పోల్చి చూడలేదు. పోల్చి ఉంటే ఐదు నిమిషాల పని. హెచ్‌ఆర్ కాగితంలోని ఒకాయన్ని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు, అందుకని అతని నంబరు జాబితాలో లేదు. ఆ ఖాళీలో నాగేంద్రబాబు నంబరు కూర్చుంది. అప్పలసూరి రాసిన పదకొండో నియమం కొత్త సర్వర్‌లో ఉంది గానీ వరసలో కిందికి పడింది. అంతకంటే పైనున్న మామూలు నియమం ముందే నాగేంద్రబాబు పేరుని పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం పన్నెండు దాటాక అతను పాతదాన్ని ఆపి కొత్తదాన్ని వదిలాడు. సోమవారం పొద్దున్న పద్నాలుగు వందల మందీ వచ్చి కంప్యూటర్లు తెరిచారు, ఒక్కరికీ ఏ ఇబ్బందీ రాలేదు. సిన్హా సార్ అందరికీ కాపీ పెట్టి మెచ్చుకుంటూ మెయిల్ రాశాడు. పదిహేడేళ్ళలో అతనికి అలాంటిది అదే మొదటిది. శ్రీదేవికి ఫోన్లో చూపించాడు. కూతురు హిమబిందు నర్సింగు మూడో ఏడు చదువుతోంది. ఆ పిల్ల కూడా చదివి, "నాన్నా, ప్రింట్ తీసి దాచుకో" అంది.

మార్చి ఒకటి, శుక్రవారం, మధ్యాహ్నం కల్యాణి ఫోన్ చేసింది.

"అన్నియ్యా, పనిలో ఉన్నావేటి?"

"లేదమ్మా, సెప్పు."

"పద్దెనిమిదో తారీకున కోర్టులో మనం కాగితాలు పెట్టాలంట. వకీలు మీ బావ రాసిన మెయిళ్ళు అడుగుతున్నాడు. కంపెనీకి నోటీసు పంపుతాడంట. అవి ఉన్నాయి కదేటి?"

"ఉన్నాయమ్మా. ఎక్కడికెల్తాయి."

ఫోన్ పెట్టేశాక, ఊరికే ఒకసారి చూద్దామని తెర తెరిచాడు. నాగేంద్రబాబు పేరు కొట్టాడు. రాలేదు. నంబరు కొట్టాడు. రాలేదు. చెత్తబుట్ట తెరిస్తే మొదటి పేజీలోనే ఉంది. తొలగించిన తేదీ, ఫిబ్రవరి నాలుగు. శాశ్వతంగా పోయే తేదీ, మార్చి ఐదు, మంగళవారం.

తల ఎత్తి చుట్టూ చూశాడట. ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఇంకా నాలుగు రోజులున్నాయి అన్న ధైర్యమే ముందు వచ్చింది. చేయవలసింది కూడా కొండంత పనేమీ కాదు. ఆ పదకొండో నియమం వరస నంబరు మార్చి అరగంట ఆగితే, సింక్ తనే ఆ పేరుని చెత్తబుట్టలోంచి లేపి పాత చోట నిలబెడుతుంది. ఉత్తరాలన్నీ ఉన్నవి ఉన్నట్టు వస్తాయి. ఆ మార్పు చేసే అధికారం అతని లాగిన్‌కి ఉంది.

అయితే జనవరిలో కాంట్రాక్టువాళ్ళందరి చేతా ఒక కాగితం మీద సంతకాలు తీసుకున్నారు. పైవాళ్ళ ఆమోదం లేకుండా సర్వర్‌లో ఏ మార్పు చేసినా ఆ రోజే గేటు బయటికి. ఆ కాగితం వచ్చిన వారమే నెట్‌వర్క్ చూసే ఒకతన్ని, ఒక తీగ మార్చినందుకు పంపించేశారు. అప్పలసూరి మార్పు కోసం అర్జీ రాసి, కారణం కూడా రాసి, సిన్హా సార్‌కి పంపాడు. పది నిమిషాల్లో సిన్హా సార్ ఫోన్ చేశాడు. మెయిల్‌కి జవాబు మాత్రం రాయలేదు.

"దేఖో సూరి, యే లీగల్ మ్యాటర్ హై. చనిపోయిన మనిషి మెయిల్ ఇన్నాళ్ళు ఎవరు ఉంచమన్నారు?"

"స్మిత మేడమ్ సర్."

"కాగితం ఉందా?"

"లేదు సర్."

"మరైతే నువ్వు ముట్టుకోకు. నేను లీగల్‌ని అడుగుతాను. వాళ్ళు సరే అంటే చేద్దాం."

"సర్, మంగళవారం దాటితే ఇక ఉండదు."

"మాలూమ్ హై, తెలుసు," అని పెట్టేశాడు.

శనివారం అప్పలసూరి రెండుసార్లు గుర్తుచేశాడు. సిన్హా సార్ రాంచీలో మీటింగులో ఉన్నాడు. లీగల్ వాళ్ళ నుంచి ఏమీ రాలేదు. ఇంటికి వచ్చి మొట్టమొదటిసారి తన పని ఏమిటో శ్రీదేవికి విడమర్చి చెప్పాడు. ఆమె పప్పు ఏరుతూ విన్నది.

"అంటే నువ్వు నంబరు మారిత్తే వచ్చేత్తాదా?" అంది. మామూలుగా మీరు అనే మనిషి, కంగారుగా ఉన్నప్పుడు మాత్రం నువ్వు అంటుంది.

"వచ్చేత్తాది."

"సార్ ఒద్దన్నాడు కదా."

"ఒద్దనీలేదు. ముట్టుకోకన్నాడు."

"రెండూ ఒకటే కదేటి." చేట పక్కన పెట్టింది. "ఇది మార్చి నెల. పిల్లకి ఇంకో ఏడాది ఉంది. మీరు గేటు బయటికొచ్చీసినాక ఈ వయసులో ఎవుడు పెట్టుకుంటాడు? రెండు రోజులు సూడండి. ఆళ్ళే సరే అంటారేమో."

ఆమె చెడ్డది కాదు. నాగేంద్రబాబు పోయినప్పుడు పదకొండు రోజులు కల్యాణి ఇంట్లోనే ఉండి వంట చేసింది. ఆ మాట కోసమే ఇంటికి వచ్చానని అప్పలసూరి తర్వాత తనే ఒప్పుకున్నాడు. ఆగమని ఎవరో ఒకరు చెప్పాలని అతనికి ఉంది.

ఆదివారం ఇంట్లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్నాడు. ఇంటినుంచి సర్వర్ అందుతుంది. నియమాల జాబితా తెరిచాడు. పదకొండో నియమం వరస నంబరు నూట అరవై అన్నచోట, మామూలు నియమానికి పైకి వచ్చేట్టు తొంభై అని రాయాలి, అంతే. రాశాడు కూడా. కింద సేవ్ అన్న మాట ఉంది. వీధిలో కూరగాయల బండివాడు వచ్చాడు, శ్రీదేవి బయటికి వెళ్ళి టమాటాలు బేరమాడింది, లోపలికి వచ్చింది. అతను అలాగే కూర్చుని ఉన్నాడు. చివరికి తొంభై చెరిపేసి, లాప్‌టాప్ మూసేశాడు. రేపు సోమవారం, ఎలాగూ సిన్హా సార్ వస్తాడు అనుకున్నాడు.

సోమవారం సిన్హా సార్ వచ్చాడు. లీగల్ వాళ్ళు చూస్తున్నారన్నాడు. సాయంత్రం కూడా అదే మాట అన్నాడు. మంగళవారం పొద్దున్న తొమ్మిదికి అప్పలసూరి చెత్తబుట్ట తెరిస్తే పేరు ఉంది. పదకొండింటికీ ఉంది. మళ్ళీ సిన్హా సార్ గదికి వెళ్ళాడు, లోపల ఎవరో ఉన్నారని ప్యూన్ ఆపాడు. బయట బల్లమీద నలభై నిమిషాలు కూర్చున్నాడు. తిరిగి వచ్చి చూసేసరికి జాబితా మొదటి పేజీలో నాగేంద్రబాబు పేరున్న చోట వేరే ఎవరిదో పేరుంది. ఆ తర్వాత ఒక గంటసేపు ఆ తెర మళ్ళీ మళ్ళీ తెరిచాడు. క్లౌడ్ కంపెనీ సహాయానికి కూడా రాశాడు. మర్నాడు ఎక్కడినుంచో ఒకమ్మాయి ఫోన్ చేసి, గడువు దాటిన తర్వాత తమ దగ్గర కూడా ఏమీ ఉండదని, క్షమించమని, ఇంకేమైనా సాయం కావాలా అని అడిగింది.

లీగల్ విభాగం జవాబు గురువారం వచ్చింది. అలాంటి మెయిల్ ప్రస్తుతం లేదు కాబట్టి ఈ విషయంలో చేయవలసినది ఏమీ లేదని.

కల్యాణికి చెప్పడానికి ఆ ఆదివారం పొద్దున్నే వెళ్ళాడు. ఆమె గుమ్మంలో మిషను మీద లంగా అంచు కుడుతోంది. అతను నిలబడే మొదలుపెట్టి, నిలబడే అంతా చెప్పాడు. ఏదీ దాచలేదు. పందొమ్మిది నంబర్లు చూసుకోకపోవడం చెప్పాడు, వరస తప్పడం చెప్పాడు, తొంభై రాసి చెరిపేయడం కూడా చెప్పాడు. ఆమె కాలు మిషను మీదనుంచి తీయలేదు, తొక్కడం మాత్రం ఆగిపోయింది.

"నాను ఫోన్ చేసిన దినం ఉన్నాయా అవి?"

"ఉన్నాయమ్మా."

"ఉన్నాయని సెప్పినావు."

"అప్పటికి సూడలేదు. సెప్పినాక సూసినాను."

"సూసినాక నాలుగు దినాలు."

అతను తలూపాడు.

"పెన్ డ్రైవులో ఎక్కించి ఇవ్వడానికి అవదేటి? తనుశ్రీ ఫొటోలు అలాగే ఎక్కించినావు కదా ఒకపాలి."

"అవును. అవుతాది. అది కంపెనీ ఒప్పుకోదు."

"ఒప్పుకోదు," అని ఆమె మెల్లిగా ఆ మాటే మళ్ళీ అంది. "నాకు మొన్నే సెప్పుంటే నానొచ్చి ఆ గేటు కాడ కూకుందును. అరుద్దును. ఏదో ఒకటి చేద్దును. నాకెందుకు సెప్పలేదన్నియ్యా?"

నిజానికి ఆ నాలుగు రోజుల్లో ఆమెకు చెప్పాలన్న ఆలోచనే అతనికి రాలేదు. సిన్హా సార్, లీగల్, మార్చి ముప్పై ఒకటి. వాటి మధ్యే తిరిగాడు. లోపలినుంచి తనుశ్రీ వచ్చింది. అప్పటికి పదో తరగతి పరీక్షలు రాస్తోంది. తల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాగుతూ, "మమ్మీ, అందర్ చలో" అంది. అప్పలసూరి వైపు చూడలేదు.

ముప్పై ఒకటో తారీకున అతని కాగితం మళ్ళీ రాశారు. పద్దెనిమిదోసారి.

ఏప్రిల్‌లో అతను తనంతట తానే సాక్చి వెళ్ళి వకీలుని కలిశాడు. మెయిళ్ళు ఉండేవని తాను కోర్టులో చెబుతానన్నాడు. శ్రీదేవి ఈసారి అడ్డం చెప్పలేదు. ఆ నెలలో రెండుసార్లు ఆమె కల్యాణి ఇంటికి వెళ్ళింది. రెండుసార్లూ కల్యాణి మంచినీళ్ళు ఇచ్చి, మాట్లాడకుండా కుట్టుపని చేసుకుంది. జూన్‌లో వాయిదా పడింది. అప్పలసూరి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి బోనులో నిలబడ్డాడు. కంపెనీ వకీలు నెమ్మదైన మనిషి. గొంతు పెంచకుండా హిందీలో అడిగాడు.

"ఆ మెయిళ్ళు మీరు చదివారా?"

"లేదండీ. ఇంకొకరి ఉత్తరాలు నేను చదవను."

"అయితే వాటిలో ఏముందో మీకు తెలియదు."

"క్రేన్ స్విచ్ గురించి రాశానని నాగేంద్రబాబు నాతో చెప్పాడు."

"మీరు చూశారా అని అడుగుతున్నాను."

"చూడలేదు."

"సింక్‌ని కొత్త సర్వర్‌కి మార్చింది ఎవరు?"

"నేనే."

"నియమం వరస తప్పింది ఎవరివల్ల?"

"నావల్లే."

"అలా తప్పేలా చేయమని కంపెనీలో ఎవరైనా చెప్పారా?"

"లేదు."

"ధన్యవాదాలు," అని ఆయన కూర్చున్నాడు.

నాలుగు రోజుల సంగతి అప్పలసూరి చెప్పబోయాడు. సిన్హా సార్ ఫోన్లో అన్నమాటలు చెప్పాడు. కాగితం మీద ఉన్నాయా అని అడిగారు. లేవన్నాడు. తను పంపిన అర్జీ కాపీ ఇవ్వగలరా అన్నారు. ఆ అర్జీ కంపెనీ మెయిల్లో ఉంది, దాన్ని బయటికి తీసుకెళ్ళే వీలు అతనికి లేదు. కోర్టు అడిగినప్పుడు కంపెనీ దాన్ని తనే తెచ్చి ఇచ్చింది. అందులో అతని సొంత మాటల్లోనే ఉంది, నా పొరపాటు వల్ల ఈ పేరు తొలగిపోయింది అని. బయటికి వచ్చాక వరండాలో వకీలు అతని భుజం మీద చెయ్యి వేసి, మీరు నిజమే చెప్పారు, కానీ అది వాళ్ళకి పనికొచ్చింది అన్నాడు. పక్కన నిలబడిన కల్యాణి చీర కొంగుతో మెడ తుడుచుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా ఏజెన్సీ అతన్ని గమ్హరియాలో ఒక గోదాముకి మార్చింది. అక్కడ బార్‌కోడ్ ప్రింటర్లు చూసుకోవాలి. కాగితం ఇరుక్కుంటే తీయాలి, రిబ్బను అయిపోతే మార్చాలి. సర్వర్లేవీ లేవు. ఎందుకు మార్చారని అతను అడగలేదు.

సెప్టెంబరులో తీర్పు వచ్చింది. ఆ సాయంత్రం కల్యాణి అతనికి ఫోన్ చేసింది. మార్చి తర్వాత అదే మొదటిసారి. ఒకసారి రమ్మంది. వెళ్ళేసరికి ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. కాగితాల కట్ట అతని చేతికిచ్చింది.

"వకీలు సెప్పీసినాడు, పోయిందని. అందులో ఏటుందో నాకు సరిగ్గా తెలాలి. తనుశ్రీని సదవమంటే సదవనని ఏడుత్తాది. నువ్వు సదువు."

ఇంగ్లీషులో పదిహేడు పేజీలు. అతను కింద చాప మీద కూర్చుని ఒక్కో పేరా చదివి తెలుగులో చెబుతూ వచ్చాడు. ఆమె గోడకి ఆనుకుని విన్నది. పదమూడో పేజీలో అతని పేరు వచ్చింది. ఈ సాక్షి నిజాయితీని శంకించడానికి కారణం లేదనీ, అయితే మెయిళ్ళలో ఏముందో ఇతనికి తెలియదనీ, అవి పోవడం ఇతని పొరపాటేనని ఇతనే ఒప్పుకున్నాడనీ ఉంది. అది కూడా చదివాడు. పదహారో పేజీ దగ్గర చదవడం ఆపాడు.

"ఏటుంది?"

"విచారణ నివేదికని మార్చడానికి ఆధారం కనబడలేదంట."

"అలా కాదు. అందులో రాసింది రాసినట్టు సెప్పు."

అతను చెప్పాడు. "మృతుడి సొంత అజాగ్రత్త వల్లే ప్రమాదం జరిగిందన్న నిర్ణయంలో జోక్యం చేసుకోవడం లేదు."

"ఇంకోపాలి సెప్పు."

మళ్ళీ చెప్పాడు. ఆమె ముందుకు వంగి, ఆ వాక్యం ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించాడు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి, కూడబలుక్కుని చదవగలదు. పెదాలు కదుపుతూ ఆ రెండు లైన్లూ తనే చదువుకుంది. తర్వాత కట్ట తీసుకుని, బీరువాలో చీరల కింద పెట్టి తాళం వేసింది.

"రాంచీ హైకోర్టుకి వెల్దామేటి?" అన్నాడు అతను. "వకీలుతో నాను మాటాడతాను."

"ఏం పట్టుకుని వెల్తాం?"

అతను లేచాడు. చెప్పుల దగ్గర చాలాసేపు వంగే ఉన్నాడు.

"కల్యాణమ్మా," అన్నాడు.

"ఎల్లన్నియ్యా," అంది ఆమె. కోపంగా అనలేదు. లోపలికి వెళ్ళి లైటు వేసి, పొయ్యి మీద బియ్యం పడేసింది. అతను బయటికి వచ్చి స్కూటర్ తొయ్యడం మొదలుపెట్టాడు. వీధి చివరిదాకా స్టార్ట్ చేయాలని అతనికి తోచలేదు.